రంగు మారని భుజం

థిన్నర్ వాసన మళ్ళీ నా ఇంట్లోకి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. వంటింట్లో పప్పుకి తాలింపు పెడుతున్నాను, ఆవాలు చిటపటమంటున్నాయి, ఇంతలో బాల్కనీ వైపు నుంచి ఆ వాసన వచ్చి ముక్కుకి తగిలింది. గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తాలింపు కాస్తా మాడింది. మా నాన్న దానియేలు ఆటోనగర్‌లో లారీలకి రంగులేసేవాడు. చిన్నప్పుడు సాయంత్రం పూట ఆయన సైకిలు గుమ్మం ముందు ఆగకముందే ఈ వాసన లోపలికి వచ్చేసేది. దానితో అమ్మకి తలనొప్పి వచ్చేది, కిటికీలన్నీ తెరిచి విసుక్కుంటూ తిరిగేది. నాకు మాత్రం ఆ వాసనంటే ప్రాణం. నాన్న విప్పి దండెం మీద వేసిన చొక్కాలో మొహం పెట్టి మరీ పీల్చేదాన్ని.

స్టవ్వు ఆపేసి బాల్కనీలోకి వెళ్ళి చూద్దును కదా, మా మనవడు జోయెల్ ఒక దుప్పటి తెరలా కట్టి, అట్టపెట్టె ఒకటి బోర్లా పెట్టుకుని, దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. జోయెల్ మా అమ్మాయి షారోను కొడుకు. గుడివాడలో ఉంటారు, సెలవులకి పటమటలో నా దగ్గరికి వస్తాడు. వాడి చేతిలో పెన్నంత స్ప్రే గన్ను, పక్కన బుస్సుమంటున్న చిన్న కంప్రెసరు. థర్మోకోల్ ముక్కకి పుల్లలు గుచ్చి, ఒక్కో పుల్ల చివర నా బట్టల క్లిప్పు కట్టి, ఆ క్లిప్పుల్లో ఏవో ప్లాస్టిక్ ముక్కలు బిగించి పెట్టాడు.

"ఏంట్రా ఇది, నా కొత్త దుప్పటి!"

"చిరుగులు చూడు అమ్మమ్మా. నీకు అన్నీ కొత్తవే."

పుల్లల మీద ఉన్నది రోబో అట. కాళ్ళూ చేతులూ ఛాతీ అన్నీ విడివిడిగా పెట్టెలో వస్తాయి. చట్రంలోంచి ఒక్కో ముక్కా కత్తిరించుకుని, అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్ది, రంగులేసి, చివర్న బిగించుకోవాలి. మూతి మీద మీసం మొలుస్తుంటే ఈ బొమ్మలేంట్రా అన్నాను. బొమ్మ కాదు, మోడల్ అన్నాడు, మొహం గంటు పెట్టుకుని. వాడు ఇంటర్ అవ్వగానే డిజైన్ కోర్సులో చేరి కార్లకి కొత్త రంగులు కనిపెడతాడట. ఆ మాట ఎనిమిదో తరగతి నుంచీ అంటున్నాడు. రోడ్డు మీద కొత్త రంగు కారు కనిపిస్తే చాలు, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ మధ్యలో ఆగిపోయి దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వస్తాడు. వాడితో బజారుకి వెళ్ళడమంటే నా ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమే.

నాకు ఎప్పట్నుంచో ఉన్న రోగం ఒకటుంది, ఎవరైనా చేత్తో పని చేస్తుంటే పక్కన చేరి సతాయించకుండా ఉండలేను. స్టూలు లాక్కుని కూర్చున్నాను. మోకాళ్ళకీ మోచేతులకీ తుపాకీ గొట్టం రంగు వేశాడు. నడుముకి వెండి, నుదుటి మీద కొమ్ములకి బంగారం. లోహంలా కనిపించాలంటే ఒకేసారి దట్టంగా కొట్టకూడదట, పొగలా పలచగా, ఆరనిచ్చి ఆరనిచ్చి కొట్టాలట. ఆ వెండి ఎంత బాగా కుదిరిందంటే, చేతిలోకి తీసుకుంటే బరువుంటుందేమో అనిపించింది. ఆ తర్వాత భుజాలకి మాత్రం నిగనిగలాడే నలుపు వేశాడు. నేనూరుకోలేకపోయాను.

"నలుపు మీద రంగేం పలుకుతుందిరా? మా నాన్నయితే ముందు తెలుపు వేసేవాడు. తెలుపు పడకుండా పసుపు డబ్బా మూతైనా తీసేవాడు కాదు."

"ఇది అలాంటి రంగు కాదమ్మమ్మా. గాజులాంటి పలచటి పొర. కింద నలుపుంటేనే దీని మెరుపు తెలుస్తుంది. ఇటు నుంచి చూస్తే ఆకుపచ్చ, అటు నుంచి చూస్తే రాగి. అసలు ఈ కిట్ తీసుకుందే దీనికోసం."

"అడ్డానికొక రంగు, నిలువుకొక రంగు దారం వేసి నేసిన పట్టుచీర తిప్పితే మారినట్టా?"

"ఆ, అలాగే!" అన్నాడు, మొదటిసారి నా వైపు గౌరవంగా చూసి.

ఎడమ భుజానికి ఆ రంగు కొట్టాడు. ఆరేదాకా కాలుగాలిన పిల్లిలా హాల్లోకీ బాల్కనీలోకీ తిరిగాడు. ఆరాక ఎండలో పెట్టి ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. వాడి మొహం మాడిపోయింది.

"డూప్లికేట్ పంపించారమ్మమ్మా! మారట్లేదు. ఏదో మట్టి రంగు, అంతే."

ఇలా ఇవ్వమని పుల్ల పట్టుకుని తిప్పాను. నా ఎదురుగా లేత వేపాకు రంగు. కొంచెం వంచగానే అది కాస్తా తోమిన రాగి చెంబు రంగు. ఇంకొంచెం వంచితే మళ్ళీ ఆకుపచ్చ. చిన్నపిల్లలా కేక పెట్టాను.

"ఎందుకు మారట్లేదురా? భలేగా మారుతోంది! ఇదిగో ఆకుపచ్చ, ఇదిగో రాగి!"

"నన్ను ఓదార్చకు."

"ఓదార్చడమేంట్రా, కళ్ళెదురుగా కనపడుతుంటే?"

వాడు నా చేతిలో ముక్క వైపు చూశాడు. నా మొహం వైపు చూశాడు. మళ్ళీ ముక్క వైపు చూసి, "ఎక్కడ?" అన్నాడు. ఆ ఒక్క మాటకి నా గుండె గుభేలుమంది. ఏమీ ఎరగనట్టు, ఆ కిందున్న ఎర్ర క్లిప్పు ఇటివ్వమన్నాను. వాడు ఆలోచించకుండా ఆకుపచ్చది తీసి ఇచ్చాడు. క్లిప్పు పుచ్చుకుని, పప్పు చూడాలని చెప్పి వంటింట్లోకి వచ్చేశాను. ఇలా ఎరుపు అడిగితే ఆకుపచ్చ అందించే మనిషి దగ్గరే నేను పెరిగాను. ఆయన చివరికి రంగులన్నీ వదిలేసుకున్నాడు. ఇప్పుడు వీడు కూడా వదిలేస్తాడేమోనని నా భయం.

మా నాన్న చెయ్యి అంత మంచి చెయ్యి ఆటోనగర్‌లో లేదనేవారు. లారీ వెనక తలుపు మీద తామరపువ్వు, అటూ ఇటూ చిలకలు, పైన రెక్కలు చాపిన గద్ద, అన్నీ ముందు గీతలు గీసుకోకుండానే వేసేసేవాడు. ఇంట్లో పాత క్యాలెండరు కాగితాల వెనక పెన్సిలుతో గీస్తూ కూనిరాగం తీసేవాడు, చర్చిలో పాడే పాటలే, కానీ మాటల్లేకుండా. పొద్దున కుటుంబ ప్రార్థన అయ్యాక మా ఇంట్లో రెండో ప్రార్థన లాంటిది ఒకటి జరిగేది. అమ్మ పెరట్లో పీట వేసుకుని, ఆ రోజుకి కావలసిన రంగులు కలిపేది. నాన్న వన్ టౌన్ నుంచి పెద్ద డబ్బాలు తెచ్చిపడేస్తే, చిలకాకుపచ్చ, తామర ఎరుపు, గద్ద ముక్కు పసుపు, అన్నీ అమ్మ చేతి కలుపులే. వాటిని పాత పాలడబ్బాల్లో పోసి, గోలీసోడాలు పెట్టే చెక్కపెట్టె గళ్ళల్లో సర్దేది. మొదటి వరసలో ఆకుపచ్చలు, రెండో వరసలో ఎరుపులు, మూడో దాంట్లో పసుపూ నీలం. నాన్న ఆ పెట్టెని సైకిలు వెనక కట్టుకుని వెళ్ళేవాడు.

రంగులేసే ఆయన రంగులు ఎందుకు కలుపుకోడని నేను అడిగితే, నాన్నకి టైముండదే అనేది అమ్మ. పెట్టె వైపు వేలు పెట్టనిచ్చేది కాదు. వరస తప్పితే నాన్నకి కోపం వస్తుందని చెప్పేది. పెద్దవాళ్ళకి చాదస్తాలుంటాయి కదా, మా పక్కింటాయనకి పొద్దున్నే పేపరు ఇంకెవరైనా విప్పితే ఒళ్ళుమండేది, మా నాన్నకి డబ్బాల వరస అనుకునేదాన్ని. డబ్బాల మీద పేర్లు రాసుకోవచ్చు కదా అని కూడా ఒకసారి అడిగాను. అమ్మ నన్ను ఎంత కోపంగా చూసిందంటే, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

క్రిస్మస్ దగ్గరపడింది. ఇంటికి సున్నాలు వేయించారు. అవనిగడ్డ నుంచి మా మేనత్త సంతోషమ్మ వచ్చింది. ఆవిడ చేతులు ఊరికే ఉండవు. వచ్చిన దగ్గర్నుంచీ అటకలు దులిపింది, ట్రంకు పెట్టెలు తుడిచింది, గిన్నెలన్నీ బూడిదతో తోమి బోర్లించింది. అమ్మ పిండివంటల దగ్గరుంది. రంగులు కలిపి సర్దేసిన పెట్టె అత్తయ్య కంట పడింది. "నా తమ్ముడి పెట్టె ఎంత జిడ్డోడుతుందో చూడవే" అంటూ డబ్బాలన్నీ బయటికి తీసి, పెట్టెని కొబ్బరిపీచుతో కడిగి, ఎండలో ఆరబెట్టి, డబ్బాలు మళ్ళీ చక్కగా పేర్చింది. ఎరుపులు మొదటి వరసలోకి వచ్చాయి. నాన్న కాఫీ తాగి, పెట్టె కట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు షెడ్డులో ఆయన ఒక్కడే. మిగతావాళ్ళు పండగ సెలవు పెట్టారు. కైకలూరు నుంచి చేపల లారీ ఒకటి రంగులకి వచ్చింది, దాని యజమాని సుబ్బారావుగారు మర్నాటికి బండి కావాలన్నారు. సాయంత్రానికి నాన్న బొమ్మ పూర్తి చేసి, తృప్తిగా ఇంటికొచ్చి, తలంటుకుని, నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని ఇళ్ళకి కట్టిన క్రిస్మస్ స్టార్లు చూపించడానికి తీసుకెళ్ళాడు. మర్నాడు పొద్దున చర్చి నుంచి వస్తూ, పండగ బట్టల్లోనే, నన్నూ అమ్మనీ షెడ్డుకి తీసుకెళ్ళాడు. లారీ చూపించాలని సరదా ఆయనకి.

లారీ చుట్టూ పదిమంది చేరి ఉన్నారు. వెనక తలుపు మీద రెండు ఎర్రటి చిలకలు, ఆకుపచ్చ ముక్కులతో. వాటి మధ్య నాచు రంగు తామరపువ్వు.

"ఏంటయ్యా దానియేలూ, చిలకలకి జొరమొచ్చిందా?" అన్నారు సుబ్బారావుగారు. "పువ్వేంటి, కుళ్ళిపోయిందా? తాగి వేశావా ఏంటి, పండగని?"

అందరూ గొల్లున నవ్వారు. నాన్న కూడా నవ్వబోయాడు. నవ్వుతూనే అమ్మ వైపు చూశాడు. ఏం తప్పు జరిగిందో ఆయనకి తెలియదు, అమ్మ మొహం చూసి తెలుసుకోవాలి. జీవితంలో చుక్క ముట్టని మనిషి, "అవునండీ, కాస్త ఎక్కువైందండీ" అన్నాడు. కళ్ళకి తేడా తెలీదని చెప్పడం కన్నా తాగానని చెప్పడమే ఆయనకి తేలికైంది. అప్పుడు నాకది అర్థం కాలేదు. నాన్న తాగుబోతని ఎందుకు ఒప్పుకున్నాడో తెలియక దారంతా ఏడ్చాను.

ఇంటికొచ్చాక అమ్మ నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి చెప్పింది. "మీ నాన్నకి ఆకుపచ్చా ఎరుపూ ఒకటేనే. పెళ్ళయిన కొత్తలో నా ఎర్రచీర చూపించి, ఆ ఆకుపచ్చ చీర కట్టుకో అన్నారు. అప్పుడే తెలిసింది నాకు. ఎవరి దగ్గరైనా నోరు జారావో, మన పొయ్యిలో పిల్లి లేవదు." ఆ తర్వాత కొన్నాళ్ళకి, తనే వచ్చి షెడ్డులో పక్కన కూర్చుంటానని అమ్మ నాన్నని బతిమాలింది. "పెళ్ళాం పక్కనుండి చెబితే రంగులేశాడనిపించుకోవాలా?" అన్నాడు నాన్న. అంతే. బొమ్మలు మానేశాడు. నంబరు ప్లేట్లు, షాపుల బోర్డులు, నలుపు, తెలుపు, వెండి, ఇవే పట్టుకున్నాడు. ఇల్లు గడిచింది, దానికి లోటు రాలేదు. కానీ క్యాలెండరు కాగితాల వెనక గీతలు ఆగిపోయాయి, కూనిరాగం ఆగిపోయింది. సంతోషమ్మత్తయ్యకి ఏం చేసిందో చివరిదాకా ఎవరూ చెప్పలేదు. అదొక్కటే మా వాళ్ళు చేసిన మంచి పని.

ఇప్పుడు జోయెల్‌కి ఏం చెప్పాలి? షారోనుకి ఫోన్ చేశాను. క్లిప్పు సంగతి చెప్పాను. చిన్నప్పుడు వాడు రంగుల పేర్లు తప్పు చెబితే అల్లరనుకున్నాం, ఇద్దరం. ఇది తండ్రి నుంచి కూతురికీ, కూతురి నుంచి దాని కొడుక్కీ వస్తుందని ఒక కంటి డాక్టరుగారు ఏనాడో చెప్పారు నాకు. ఆడవాళ్ళకి చాలావరకు ఏమీ తెలియదట, మోసుకుపోతారంతే. నాన్న దగ్గర్నుంచి నేను, నా దగ్గర్నుంచి షారోను, మోసుకొచ్చి వీడి కళ్ళల్లో పెట్టాం.

"అమ్మా, ఇప్పుడే చెప్పకు," అంది షారోను. "ఆ కోర్సు మీదే ప్రాణాలు పెట్టుకున్నాడు. కుంగిపోతాడు."

"ఎన్నాళ్ళు దాస్తావే?"

"కొన్నాళ్ళు."

"మా అమ్మ కూడా కొన్నాళ్ళే అనుకుని ఉంటుంది," అన్నాను. ఫోన్‌లోనే పోట్లాడుకున్నాం. నీ ఇష్టం, రేపు వాడు ఏడిస్తే నువ్వే చూసుకో అని పెట్టేసింది.

మర్నాడు పొద్దున ఇడ్లీలు తింటుండగా వాడికి అంతా చెప్పాను. సోడాపెట్టె, ఎర్ర చిలకలు, నాన్న తాగానని అబద్ధమాడడం, అన్నీ. వాడు ప్లేటులో వేలు కదపకుండా విన్నాడు.

"తర్వాత ఆయన బొమ్మలు వెయ్యలేదా?"

"లేదు నాన్నా."

చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళిపోయాడు. బాల్కనీలో దుప్పటి విప్పేశాడు. పుల్లలూ గన్నూ పెట్టెలో పడేసి మంచం కిందకి తోసేశాడు. నా మీద నాకే ఒళ్ళుమండింది. షారోను మాట వినాల్సింది, నోరు మూసుకుని ఉంటే నా సొమ్మేం పోయేది అనుకున్నాను. వాడు తిండికి వచ్చేవాడు, తిని వెళ్ళేవాడు. గదిలో ఫోన్ పట్టుకుని ఒకటే చూపు. పిలిస్తే ఊ, లేకపోతే ఊహూ. ఇంట్లో ఆ థిన్నర్ వాసన లేకపోవడం నాకు అంత భారంగా అంతకుముందు ఎప్పుడూ అనిపించలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి చీరైనా మార్చుకోలేదు, బాల్కనీలోంచి కేక. "అమ్మమ్మా, ఓసారి రా!" పెట్టె మంచం కింద నుంచి బయటికొచ్చింది. వాడి ఫోన్‌లో చుక్కల బొమ్మలున్నాయి, చుక్కల్లో అంకెలు దాచి, కళ్ళు పరీక్షించేవి. అన్నీ చేశాడట, చాలావాటిలో అంకెలే లేవట. "నీకు ఇక్కడ ఏముంది?" అన్నాడు. ఏడు అంకె ఉందన్నాను. "నిజంగా ఏడుందా? నాకు ఉత్త చుక్కలే!" అన్నాడు. వాడి గొంతులో ఏడుపు లేదు. కుతూహలం. అది నా పోలికేనని తెలిసి నాకు నవ్వొచ్చింది.

తర్వాత భుజం ముక్క నా ముందు పెట్టి కొంచెం కొంచెంగా తిప్పుతూ, ఇప్పుడు ఏ రంగు, ఇప్పుడు ఏ రంగు అని అడిగాడు. ఆకుపచ్చ, ఆకుపచ్చే, ఇదిగో ఇప్పుడు రాగి అని చెబుతూ వచ్చాను. ఉన్నట్టుండి ఆగాడు.

"ఇక్కడ సరిగ్గా పడలేదు చూశావా? పొర పలచబడింది."

"ఎక్కడరా?" ఈసారి అనడం నా వంతయింది. కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను. నాకు ఆకుపచ్చా రాగీ తప్ప ఏమీ కనపడలేదు. గోటితో చుట్టూ గీసి చూపించాడు. అప్పటికీ కనపడలేదు.

"నీకు రంగు అడ్డం వస్తోంది అమ్మమ్మా," అన్నాడు, జాలిగా. ఆ చోట మళ్ళీ ఒక పొర కొట్టి, ఆరబెట్టి, ఇప్పుడు సరిపోయిందని వాడే తేల్చాడు. కుడి భుజానికి కూడా ఆ రంగు కొట్టడానికి క్లిప్పు అందుకున్నాడు. కోర్సు సంగతి అడుగుదామా వద్దా అని నేను తటపటాయిస్తుంటే వాడే అన్నాడు, "రంగు పేరు చెప్పడానికి మనుషులు దొరుకుతార్లే. ఇది చూసేవాళ్ళు దొరకాలిగా." అని, గన్ను పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"అమ్మమ్మా, మరి మీ నాన్నకి ఏం కనపడేది?"

ఆయనకి ఎరుపు కనపడేది కాదని నాకు తెలుసు. ఆకుపచ్చ కనపడేది కాదని తెలుసు. కనపడేదేంటో తెలియదు. అమ్మ డబ్బాలు సర్దింది, నేను నోరు మూసుకున్నాను, ఆయన చుట్టూ ఆయన్ని కాపాడుతూనే బతికాం. ఆ మనిషిని కూర్చోబెట్టి, నీకేం కనపడుతుంది నాన్నా అని మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు. అదే చెప్పాను వాడికి, ఎవరం అడగలేదురా అని.

"అయితే నన్నడుగు," అన్నాడు.

అడిగాను. నీకేం కనపడుతుందిరా అని. వాడు భుజాన్ని ఎండలోకి పట్టుకున్నాడు.

"మట్టి రంగే. కానీ ఊరికే ఉండదు. గుడివాడ బస్సులో వస్తుంటే దమ్ము చేసిన చేలల్లో నీళ్ళు మెరుస్తాయి చూడు, బస్సుతో పాటు ఆ మెరుపు పరిగెడుతుంది, ఒక చేలో ఆరిపోయి ఇంకో చేలో లేస్తుంది. అలా ఉంటుంది. బాగుంటుంది అమ్మమ్మా."

కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. వాడు కంగారుపడి, ఏమైంది, ఏమైంది అంటున్నాడు. ఇన్నేళ్ళూ నాన్నకి కనపడనిదాని కోసమే ఏడ్చాను. కనపడేది బాగుంటుందని నాకెవరూ చెప్పలేదు.